మూడో పాదం ఎందుకంత పొడుగు

బెసంట్ నగర్, చెన్నై

చిట్టీ,

టైటానిక్ మునక మీద ఇంగ్లీషు కవి థామస్ హార్డీ రాసిన పద్యం గురించి వ్యాసం రాస్తూ, "మూడు పాదాలకీ ఒకటే ప్రాస నాన్నా, ఇంకేం రాయను?" అని నిన్న విసుక్కున్నావు కదా. ఫోన్లో తెమిలే సంగతి కాదని కాగితం తీశా.

తాతయ్య నీకు ద్విపద నేర్పినప్పుడు ప్రాసంటే రెండో అక్షరమన్నారు. ఇంగ్లీషు వాళ్ళది పాదం కొసన, మన అంత్యప్రాస లాగా. గురులఘువుల్నీ కాసేపు మర్చిపో. అక్కడ లెక్కకొచ్చేది నొక్కి పలికే ఊనిక. బల్ల మీద వేలితో తడుతూ పైకి చదువు. హార్డీ పద్యంలో ప్రతి చరణానికీ మూడు పాదాలు. మొదటి రెండు పాదాలకీ మూడేసి దెబ్బలు, మూడోదానికి ఆరు. 11 చరణాలూ అదే నడక. అక్కడక్కడ ఊనిక లేని అక్షరాలు ఒకటీ అరా ఎక్కువ దొర్లుతాయి, మొట్టమొదటి పాదంలోనే ఉన్నాయి. వాటితో కుస్తీ పట్టకు.

ఎనిమిదో చరణం తియ్యి. మొదటి పాదం ఓడ పెరిగిందంటూ 'గ్రూ' దగ్గర ఆగుతుంది. రెండోది దాని సొగసు చెప్పి 'హ్యూ' దగ్గర. మూడోది ఎక్కడో దూరాన, నీడలో, చప్పుడు లేకుండా బయల్దేరి, ఆరు దెబ్బలూ నడిచొచ్చి, మంచుకొండా పెరిగిందంటూ 'టూ' మీద వాలుతుంది. మధ్యలో మళ్ళీ అదే 'గ్రూ', ఈసారి కొండకి! గుద్దుకోవడం ఇంకా మూడు చరణాల అవతలుంది, చెవికి మాత్రం అప్పుడే తెలిసిపోతుంది. నువ్వు కొట్టిపారేసిన 'ఒకటే ప్రాస' చేసే పని ఇదే.

నాకు మింగుడుపడనిదీ ఒకటుంది. 1912 ఏప్రిల్లో సుమారు 1,500 మంది పోయారు. బాధితుల సహాయనిధి కోసం రాసిన పద్యమిది. 33 పాదాల్లో అద్దాలున్నాయి, నగలున్నాయి, చేపలున్నాయి. మునిగిన మనిషి ఒక్కడూ లేడు.

అలా అంటున్నానే గానీ, 2012లో నీలం తుఫానుకి మన బీచి దగ్గర ఓడ ఇసుకలో కూరుకుపోయినప్పుడు నేను చేసిందేమిటి? నిన్ను భుజాలమీద ఎక్కించుకుని, ఎంత పెద్దదో చూడు అన్నాను. చుట్టూ సుండల్ గుగ్గిళ్ళు అమ్ముతున్నారు. ఆ ఓడ దిగి వస్తుంటే చిన్న పడవ తిరగబడి చనిపోయిన నావికుల మాట నీకు చెప్పనేలేదు.

ఇది వ్యాసంలో పెట్టాలో వద్దో నీ ఇష్టం. ఆఖరి చరణం రెండో పాదం మాత్రం వదలకు. 'నౌ!' అని నడిమధ్యలో ఆగుతుంది. అది చదివి రికార్డు చేసి పంపు. అక్కడ నువ్వెంతసేపు ఆగుతావో వినాలి.

నాన్న