చిన్నోడికి సున్నం వెయ్యాలి

నాన్నా బుజ్జీ,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకు షుగర్ కొంచెం తగ్గింది. గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వు ఫోనెత్తి ఇరవై రోజులైంది. ఎత్తినా నువ్వు ‘ఊఁ’ అంటావు, నేను ఏడుస్తాను. అందుకే ఉత్తరం.

హైదరాబాద్ వెళ్లొచ్చిన రత్నమ్మ పిన్ని ఏదో అంది. నువ్వు చర్చికి వెళ్లడం మానేశావని, బైబిలు అట్టపెట్టెలో పడేశావని. నేనేం పట్టించుకోలేదు. గోంగూర పచ్చడి ఉందా, అయిపోయిందా? తడి గరిటె పెట్టకు, బూజు పడుతుంది.

నీ తమ్ముడు చిన్నోడు చనిపోయిన రాత్రి వాడు చేస్తే ఫోన్ ఎత్తలేదని ఆవిడతో అన్నావట. నాకు చెప్పని మాట ఆవిడకు చెప్పావు. సరే.

తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. 1977 నవంబరు 19, శనివారం. నేనూ మీ అమ్మమ్మా అవనిగడ్డలో ఉన్నాం. అటు సముద్రం లేచి సొర్లగొంది ఊరి మీద పడింది. తాతయ్య ఒక చేత్తో తాటిచెట్టును, ఇంకో చేత్తో చెల్లెలు చిట్టత్త చేతిని పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్ల. గాజుల చెయ్యి, తడి. రెండో కెరటానికి జారిపోయింది. తర్వాత శవాల్ని కుప్పలుగా వేసి కొన్ని కాల్చారు, కొన్ని పూడ్చారు. చిట్టత్త ఎందులో ఉందో తెలియలేదు. తాతయ్య ఐదేళ్లు చర్చి గుమ్మం తొక్కలేదు. అమ్మమ్మ ప్రార్థనకు కూర్చుంటే లేచి దొడ్లోకి పోయేవాడు. ఒక ఈస్టరుకు, ఇంకా చీకటుండగానే, సమాధుల తోటకు వచ్చాడు. అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. చిట్టత్తకు సమాధే లేదుగా. వాళ్లమ్మ సమాధి పక్కన ఇసుక కుప్ప చేసి ఒక కొవ్వొత్తి గుచ్చాడు. గాలికి ఆరిపోతోంది, మళ్లీ వెలిగిస్తున్నాడు. అగ్గిపెట్టె పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను, పదేళ్లదాన్ని.

పెళ్లయ్యాక ఎప్పుడో అడిగాను, ఆరోజు ఎందుకొచ్చావు నాన్నా అని. “శిష్యుడు పేతురు చలిమంట దగ్గర నిలబడి మూడుసార్లు యేసయ్యను ఎరగనన్నాడు. తిరిగి లేచాక ఆయనేమో ఒడ్డున నిప్పులేసి చేపలు కాల్చాడు. ముందు తినమన్నాడు. అడగాల్సింది తర్వాత అడిగాడు. అది చదివాక ఇంట్లో కూచోలేకపోయానమ్మా” అన్నాడు.

నీకు ప్రసంగం చెయ్యకూడదనే రాయడానికి కూర్చున్నాను. కానీ చెప్పాలి కదా. ఫోనెత్తకపోవడం తప్పో, నిద్రో నాకు తెలియదు. తప్పయితే ఆయన దగ్గర ఒప్పుకో. ఒప్పుకోకుండా నీకు నువ్వే శిక్ష వేసుకుంటే, సిలువ మీద ఆయన పడ్డది చాల్లేదన్నట్టే. నిరీక్షణ ఉన్నవాళ్లం ఏడవకూడదని ఎవరన్నా అంటే వినకు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా ఆయన ఏడ్చాడు. ‘దేవుడికి కావాలనిపించి పిలుచుకున్నాడు’ అని సంఘంలో ఒకావిడ అంటే, ఆవిడిచ్చిన కాఫీ తాగకుండా లేచొచ్చేశాను. చిన్నోణ్ణి మళ్లీ చూస్తాను, అందులో నాకు అనుమానం లేదు. వాడి చెప్పులు మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. తియ్యలేదు.

ఏప్రిల్ 5న ఈస్టరు. శనివారం రాత్రికే వచ్చెయ్. విజయవాడలో దిగి అవనిగడ్డ బస్సెక్కు. ముందు సీట్లో కూర్చో, వెనకైతే నీకు వాంతులు. సున్నం తెచ్చి ఉంచాను. మీ నాన్న మోకాళ్లతో వంగలేరు, వాడి సమాధికి నువ్వే వెయ్యాలి. మంచి చొక్కాలు తేకు, మరకలవుతాయి. కొవ్వొత్తులు కొనేశాను, చిట్టత్తది కూడా కలిపి. కొరమేను పులుసు చేస్తాను.

బస్సెక్కగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మెలకువగానే ఉంటాను.

మీ అమ్మ