పాత ఫ్లాట్లకూ కార్పెట్ ఏరియా రాయాలి

సంపాదకులకు,

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో మా అమ్మాయి కోసం పాత ఫ్లాట్ చూస్తున్నాం. బ్రోకర్ 1,200 చదరపు అడుగులన్నాడు. టేపు పెట్టి కొలిస్తే గదులు, వంటిల్లు, బాత్రూములు కలిపినా 850 దాటలేదు. మిగతాది గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ల లెక్కట. ధర మాత్రం మొత్తానికీ కట్టాలి! 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వచ్చాక కొత్త ప్రాజెక్టుల్లో బిల్డర్లు కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల వాడుకునే స్థలం, ఎంతో చెప్పి తీరాలి. చేతులు మారే పాత ఫ్లాట్లకు ఆ రక్షణ లేదు. నగరం నడిబొడ్డున మాకు చూపించినవన్నీ అవే. రేపు ఆ భవనం పడగొడితే మిగిలేది భూమిలో వాటానే కనుక, అదెన్ని గజాలో దస్తావేజులో చూసుకుంటున్నాం. లోపలి కొలతనూ సేల్ డీడ్‌లో రాయడాన్ని రిజిస్ట్రేషన్ల శాఖ తప్పనిసరి చేయాలి.

– ఒక తల్లి, నారాయణగూడ, హైదరాబాద్