మూడు నుంచి రెండో గేరుకు మార్చేటప్పుడు గరగర, అక్కర్లేని క్లచ్ మార్పు: ఫిర్యాదు

కావలి,
12-11-2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నాది కావలి. రొయ్యల మేత వ్యాపారం. మీ కంపెనీ డీజిల్ కారు 2023 జూన్‌లో నెల్లూరు షోరూంలో కొన్నాను. ఇప్పటికి 46,000 కిలోమీటర్లు తిరిగింది, మూడేళ్ల వారంటీ ఇంకా ఉంది. మీ అధీకృత సర్వీస్ సెంటర్లో రెండుసార్లు చెప్పుకున్నాను, మూడోసారి నోటితో కాకుండా కాగితం మీద చెబుదామని ఈ ఉత్తరం.

నా బండి ఎక్కువగా తిరిగేది హైవే మీద కాదు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటల కట్టల మీద. అక్కడ మూడో గేరు లాగదు, ఒకటో గేరులో ఇంజన్ గోల. పొద్దుగూకులూ రెండో గేరే. అందుకే ఆ గేరులో చిన్న తేడా వచ్చినా నా చేతికి ముందు తెలుస్తుంది.

ఆగస్టులో మీ దగ్గరే 40,000 కిలోమీటర్ల సర్వీసు చేయించాను. గేరాయిల్ కూడా అప్పుడే మార్చారు. పది రోజులు తిరక్కుండానే శబ్దం మొదలైంది. మూడో గేరులో వస్తూ వేగం పాతిక, ముప్పైకి తగ్గాక రెండోది వేస్తే కర్ర్‌మంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ. ఒకటో గేరు, నాలుగు, అయిదు, రివర్స్, ఏదీ చప్పుడు చెయ్యదు. మీ సర్వీస్ అడ్వైజర్‌కు నేను చెప్పింది అచ్చంగా ఇదే. ఆయన జాబ్ కార్డులో రాసింది రెండే మాటలు: ‘గేర్ హార్డ్’.

నా ఫిర్యాదంతా ఆ రెండు మాటల దగ్గరే ఉంది సార్. గేరు గట్టిగా పడటం వేరు, ఒక్క గేరు మాత్రం అరవడం వేరు. ‘గేర్ హార్డ్’ అని చదివిన మెకానిక్ క్లచ్ వైపే చూస్తాడు, అతని తప్పేం లేదు. టెస్ట్ డ్రైవ్ అంటూ సర్వీస్ రోడ్డులో రెండు నిమిషాలు తిప్పారు. ఒకటి, రెండు, మూడు అని పైకే వేసుకుంటూ పోయారు, కిందికి ఒక్కసారి కూడా దించలేదు. సాయంత్రానికి ఫోన్: “క్లచ్ ప్లేటు పోయింది సార్. మీరు పెడల్ మీద కాలు ఆనించి నడుపుతారేమో, అందుకే. ఇది వారంటీలోకి రాదు.” ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు, కూలీ కలిపి 23,400 రూపాయలు కట్టాను.

కాలు ఆనించి నడపడం గురించి ఒక మాట. మా నాన్న కందుకూరు వైపు పొగాకు బేళ్ల లారీ నడిపిన మనిషి. స్టీరింగ్ పట్టిన మొదటి రోజే నా ఎడమ కాలు పెడల్ మీద ఊరికే ఉంటే మోకాలి మీద చరిచేవాడు. సరే, అది వదిలేద్దాం. కాలు ఆనించి నడిపితే ప్లేటు అరిగి క్లచ్ జారుతుంది. ఇంజన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు ఉరకదు. నా బండిలో అది ఒక్క రోజూ లేదు. గేరు గరగరలాడేది క్లచ్ జారినప్పుడు కాదు, తొక్కినా పూర్తిగా వదలనప్పుడు. పాత ప్లేటు చూపించమంటే స్క్రాప్‌లోకి పోయిందన్నారు. దాన్ని నా చేతిలో పెట్టి “ఇదిగో సార్, ఇంత అరిగింది” అని ఉంటే ఈ ఉత్తరంలో సగం రాసేవాణ్ణి కాదు.

క్లచ్ మార్చిన మర్నాడు పొద్దున్నే గుంటల దగ్గరికి పోతుంటే మళ్లీ అదే కర్ర్. అక్టోబరులో రెండోసారి వస్తే, గేర్‌బాక్స్ దించి విప్పాలన్నారు, 61,000 ఎస్టిమేట్ ఇచ్చారు. ఈసారైనా ఎవరైనా నా పక్కన కూర్చుని ఆ శబ్దం విన్నారా అంటే, లేదు.

అప్పుడు కావలి ట్రంకు రోడ్డులో ఉన్న ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. బోల్టు కూడా విప్పొద్దు, వారంటీ పోతుందని ముందే చెప్పాను. అతను స్పానర్ ముట్టుకోలేదు, పక్క సీట్లో కూర్చున్నాడు.

“ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వెయ్యన్నా.” వేశాను, వెన్నలా పడ్డాయి. “ఇప్పుడు స్టార్ట్ చేసి, క్లచ్ అడుగంటా తొక్కి, అయిదు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వెయ్యి.” చప్పుడు లేదు. మీ ఈ బండిలో రివర్స్‌కి సింక్రో రింగు, అంటే పళ్లు కలిసే ముందు వేగాలు సమానం చేసే రింగు, ఉండదట. “క్లచ్ వదలకపోతే ముందు అరవాల్సింది రివర్సే కదన్నా. అది నోరు మూసుకోనుంటే క్లచ్‌ని ఎందుకు పీకినారు?” అన్నాడు. పెడల్‌ని వెంట వెంటనే రెండుసార్లు తొక్కి గేరు మార్చి చూడమన్నాడు. తేడా లేదు. క్లచ్ ఆయిల్ పైపులో గాలి చేరి ఉంటే అలా తొక్కినప్పుడు కాస్త నయం కావాలట. క్లచ్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గలేదు.

తర్వాత రోడ్డెక్కాం. మామూలుగా మూడు నుంచి రెండుకు దించితే కర్ర్. “మీ నాన్న లారీలో వేసినట్టు వెయ్యి” అన్నాడు. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి చిన్నగా యాక్సిలరేటర్, మళ్లీ క్లచ్, రెండో గేరు. ఏ చప్పుడూ లేకుండా జారిపోయింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

సార్, కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కేవాడు నాలుగడుగులు బస్సుతో సమానంగా పరుగెత్తి అప్పుడు కమ్మీ పట్టుకుంటాడు. గేర్‌బాక్సులో ఆ నాలుగడుగులు పరుగెత్తేది సింక్రో రింగు. గేరు కోన్‌ను రాసుకుని రెండింటి వేగాన్నీ ఒకటి చేస్తుంది, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. లారీలో లాగా క్లచ్ రెండుసార్లు తొక్కి (డబుల్ క్లచ్) ఆ పని నేను చేసిపెడితే శబ్దం లేదు, రింగుకు వదిలేస్తే ఉంది. అంటే రెండో గేరు రింగు పట్టు తప్పింది. క్లచ్‌దే లోపమైతే అన్ని గేర్లూ అంతో ఇంతో ఇబ్బంది పెట్టాలి.

దిగేటప్పుడు అతను ఒక్కటే అడిగాడు: “గేరాయిల్ ఎవరు మార్చారు, ఏది పోశారు?” ఇంటికొచ్చి ఆగస్టు బిల్లు తీశాను. జీఎల్-5 రకం, చిక్కదనం 80డబ్ల్యూ-90 అని ఉంది. మీరే బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో జీఎల్-4, 75డబ్ల్యూ-80 అని ఉంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ. అది ఎక్కువ బరువు పడే వెనక యాక్సిల్ గేర్లకు మంచిదే. కానీ సింక్రో రింగు పనిచెయ్యాలంటే రాపిడి కావాలి. మరీ జారుడు నూనె పోస్తే రింగు కోన్‌ని పట్టుకోలేదు. కొన్ని రకాలు ఇత్తడి రింగును తినేస్తాయి కూడా. అన్ని జీఎల్-5 నూనెలూ తింటాయని నేను అనను, గేర్‌బాక్స్ విప్పి చూసినవాణ్ణీ కాను. కానీ శబ్దం మొదలైంది ఈ నూనె పోసిన తర్వాతే. చిక్కదనం కూడా ఎక్కువ కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు గోల ఎక్కువ కావడానికి కారణం కూడా కనిపిస్తోంది. ఈ సంగతి మీ సర్వీస్ సెంటర్లో చెబితే “అన్ని బండ్లకూ అదే పోస్తాం సార్” అన్నారు. ఆ మాటతో నా టెన్షన్ తగ్గలేదు, పెరిగింది.

నేను అడిగేది ఇది. ఇప్పుడున్న గేరాయిల్‌ని నా ఎదుట దించండి. డ్రైన్ బోల్టు అయస్కాంతానికి ఏమంటుకుందో, నూనెలో ఇత్తడి పొడి మెరుస్తోందో లేదో నాకు చూపించండి, అర లీటరు సీసాలో పట్టి సీలు వేసి నాకివ్వండి. మాన్యువల్‌లో రాసిన నూనె పోసి వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి. శబ్దం పోతే మంచిదే. పోకపోతే గేర్‌బాక్స్ విప్పి రెండో గేరు సింక్రో రింగు, స్లీవు మీ ఖర్చుతో మార్చండి, ఎందుకంటే తప్పు నూనె పోసింది మీ వర్క్‌షాపు. క్లచ్‌కి తీసుకున్న 23,400 రూపాయలు ఎలాగూ తిరిగి ఇవ్వాలి. చెప్పిన శబ్దం క్లచ్ మార్చినా పోలేదు, ప్లేటు అరిగిందనడానికి మీ దగ్గర ప్లేటే లేదు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరు జిల్లా కమిషన్‌లో సేవాలోపం కేసు వేస్తాను. ఫిర్యాదుదారు నివాసమున్న జిల్లాలోనే వేసుకునే వీలుంది, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. నాకు కోర్టుల సరదా లేదు, రొయ్యల పంట వదిలి తిరిగే తీరికా లేదు.

జత: ఆగస్టు, సెప్టెంబరు బిల్లుల నకళ్లు, ‘గేర్ హార్డ్’ అని రాసిన జాబ్ కార్డు నకలు, అక్టోబరు ఎస్టిమేట్, మాన్యువల్‌లో నూనె పేజీ ఫోటో.

బండి ఏ రోజు తీసుకురావాలో చెప్పండి, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తెస్తాను. టెస్ట్ డ్రైవ్‌కి పక్క సీట్లో నేనుంటాను. మూడు నుంచి రెండుకు దించి చూడాలని ఈసారి జాబ్ కార్డులో నా చేత్తోనే రాస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
కావలి, నెల్లూరు జిల్లా