మీటరు గేటు దగ్గరే కాదు, ట్యాంకు కింద కూడా ఉండాలి

సంపాదకులకు,

నగరంలో స్మార్ట్ నీటి మీటర్లు పెడితే లీకేజీలు దొరుకుతాయి, తాగునీరు మిగులుతుంది అని ఈ మధ్య తరచూ చదువుతున్నాను. మిగిలే మాట నిజమే. కాకపోతే ఆ మీటరు ఎక్కడ పెడతామన్న సంగతి ఎవరూ రాయడం లేదు. హైదరాబాద్ వనస్థలిపురంలో పదిహేను ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు నేను కార్యదర్శిని. అంతకుముందు ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. లెక్కలు వచ్చునని నన్ను ఎన్నుకున్నారనుకుంటాను. ఇంకెవరూ ఒప్పుకోలేదన్నది రెండో కారణం.

మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. సంపు నిండకపోతే బోరు, బోరు ఎండితే ట్యాంకరు. మామూలుగా ఏప్రిల్‌లో మొదలయ్యే ట్యాంకర్లు ఈసారి ఫిబ్రవరిలోనే మొదలయ్యాయి. అందరి వేలూ 302 నంబరు ఫ్లాటు వైపే. అక్కడ అద్దెకుంటున్నది ఏడుగురు. ‘రోజుకు రెండుసార్లు వాషింగ్ మిషన్ తిరుగుతుంది టీచర్ గారూ, నేను వింటూనే ఉన్నా’ అని ఎదురు ఫ్లాటు ఆవిడ. మీటింగులో ఆ మాట రాగానే 302లోని పెద్దావిడ ‘అయితే స్నానాలు మానెయ్యమంటారా అమ్మా?’ అని లేచి వెళ్లిపోయింది. కార్యదర్శిగా నేను ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు.

గేటు దగ్గర మీటరు చూస్తే తేడా ఏమీ కనబడలేదు. ఎందుకు కనబడదో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. స్మార్ట్ మీటరు లీకేజీని పట్టే పద్ధతి చాలా సులువు. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి నాలుగు మధ్య ఇంట్లో ఎవరూ నీళ్లు వాడరు. ఆ వేళలో కూడా నీళ్లు ఒకే వేగంతో పోతున్నట్టు రీడింగు వస్తే ఎక్కడో కారుతున్నట్టే. నల్లాలో 24 గంటలూ నీళ్లుండే ఊళ్లో, ఒడిశాలోని పూరీ లాంటి చోట, గేటు మీటరే ఈ పని చేసిపెడుతుంది. మన దగ్గర నల్లా వచ్చే కాసేపే ఆ మీటరు తిరుగుతుంది. ఆ తర్వాత పైన ట్యాంకులో, బాత్రూంలో ఏం కారినా దానికి తెలియదు. ఆ కారిన నీళ్లను మేం ట్యాంకరు డబ్బులతో నింపుకుంటూ పోయాం.

మీటర్లను టెర్రస్ మీద, ట్యాంకు నుంచి దిగే పైపులకు పెట్టాలని తేలింది. ఇక్కడే అసలు చిక్కు. మా ప్రతి ఫ్లాటుకూ నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. రెండు బాత్రూముల డక్టుల్లో, అంటే పైపులు దిగే సందుల్లో, ఒక్కో పైపు, వంటింటికి ఇంకొకటి. ఫ్లాటుకు మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లకు నలభై ఐదు మీటర్లు! ఖర్చు వినగానే మీటింగులో సగం మంది చెప్పులు వెతుక్కున్నారు. అంతస్తుకు మూడు ఫ్లాట్లు కాబట్టి పైనుంచి దిగే లైన్లు తొమ్మిదే. తొమ్మిదింటికి పెట్టించాం. ఈ రకం మీటర్లలో తిరిగే చక్రం ఉండదు, నీళ్లలోంచి శబ్ద తరంగాలను పంపి ప్రవాహం లెక్క కడతాయి. ప్రతి గంటకూ రీడింగు నా ఫోనుకు వస్తుంది.

మొదటి రాత్రి ఎనిమిది లైన్లు సున్నా. ఒక్క లైనులో గంటకు 38 లీటర్లు. అది 02 వరుస బాత్రూం లైను, 102 నుంచి 502 దాకా. ‘చూశారా, మేం చెప్పలేదా’ అన్నారు. మర్నాటి రాత్రి ప్లంబర్‌ను పిలిపించి ముందు 302 వాల్వు కట్టించాను. రీడింగు తగ్గలేదు. ఒక్కో అంతస్తు చూసుకుంటూ 402 వాల్వు కట్టగానే సున్నా అయింది.

402కు జనవరి నుంచి తాళం. వాళ్లు కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న బంధువు తాళంచెవి తెస్తే, లోపల ఫ్లష్ ట్యాంకు వాషరు అరిగి కమోడ్‌లోకి నీళ్లు జారుతూనే ఉన్నాయి. గంటకు 38 అంటే రోజుకు 912, నెలకు 27,360 లీటర్లు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం కింద ఒక కుటుంబానికి నెలకు ఇచ్చేది 20 వేల లీటర్లు. మనుషులే లేని ఇల్లు దానికన్నా ఎక్కువ తాగింది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు అయిదున్నర! అవి కూడా ఊరికే వచ్చే నీళ్లు కావు. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పంపులతో ఎత్తుకుంటూ తెచ్చిన కృష్ణా నీళ్లు.

302కు వెళ్లి క్షమించమని అడిగాను. పెద్దావిడ కాఫీ ఇచ్చింది గానీ, ఎదురు ఫ్లాటు ఆవిడ వస్తుందేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉంది. ఆవిడ ఇంతవరకూ రాలేదు.

జలమండలికి, భవన అనుమతులిచ్చే అధికారులకు నా విన్నపం ఒక్కటే. కొత్త అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాటుకూ ఒకే పైపు ద్వారా నీళ్లు వెళ్లేలా, దానికి మీటరు పెట్టే చోటు ఉండేలా అనుమతి దశలోనే షరతు పెట్టండి. గోడలు కట్టాక పైపులు మార్చడం ఎంత కష్టమో మా ప్లంబర్‌ను అడిగితే చెబుతాడు. పాత భవనాలకు ట్యాంకు కింద లైనుకొక మీటరు చాలు. అంత ఖర్చు వద్దనుకుంటే, మామూలు మీటరు పెట్టుకుని రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు ఒకసారి రీడింగు రాసుకున్నా సరిపోతుంది. చాలా మీటర్ల ముఖం మీద చిన్న ఎర్ర త్రికోణం ఉంటుంది. కుళాయిలన్నీ కట్టేసినా అది తిరుగుతుంటే ఎక్కడో పోతున్నట్టే.

ఇదే తీసివేత లెక్క వీధి పైపులకూ పనికొస్తుంది. రిజర్వాయరు నుంచి ఒక కాలనీకి వదిలిన నీరెంత, ఆ కాలనీ ఇళ్ల మీటర్లన్నీ కలిపితే ఎంత? ఈ రెండు అంకెలూ నెలనెలా వార్డు ఆఫీసు బోర్డు మీద రాస్తే, తేడా ఎంతో మేమే లెక్కేసుకుంటాం.

402 వాళ్లు జూన్‌లో తిరిగి వస్తున్నారు. మళ్లీ ఊరెళ్లేటప్పుడు డక్టులో వాల్వు కట్టేసి వెళ్తామని ఫోనులో మాటిచ్చారు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
వనస్థలిపురం, హైదరాబాద్