పిల్ల ‘టీచరుగారండీ’ అంటే తప్పేముంది?

సంపాదకుల వారికి నమస్కారం.

మా మనవరాలు గుంటూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి చదువుతోంది. పోయిన గురువారం సాయంత్రం దాని బ్యాగు సర్దుతుంటే డైరీలో ఎర్ర సిరాతో రాసిన నోట్ కనిపించింది. టీచర్లను ‘మేడమ్’ అని మాత్రమే పిలవాలని మీ పిల్లకు చెప్పండి అని ఇంగ్లిషులో ఉంది. ఏమైందమ్మా అని అడిగాను. లెక్కల పీరియడ్‌లో డౌట్ వచ్చి ‘టీచరుగారండీ’ అందట. క్లాసంతా నవ్వారట. ‘ఎస్ మేడమ్’ అని యాభై సార్లు రాసుకు రమ్మన్నారట.

అది రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. ముప్ఫయ్యో లైనుకి వచ్చేసరికి అక్షరాలు గీత దాటి కిందికి జారుతున్నాయి. పెన్సిల్ చెక్కుకోవడానికి ఆగి, “అమ్మమ్మా, నువ్వూ టీచరుగారివే కదా, ఇలా పిలిచినందుకు నీ పిల్లలతో ఎన్నిసార్లు రాయించావు?” అంది. నేను 31 ఏళ్లు మున్సిపల్ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. అక్షరదోషాలకి ఇంపోజిషన్లు చాలానే ఇచ్చాను. నన్ను పిలిచిన పిలుపుకి మాత్రం ఏ పిల్ల చేతా ఒక్కసారి కూడా రాయించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ స్కూలు పేరు చెప్పను. నోట్ రాసిన టీచరమ్మాయి మీద నాకు కోపం లేదు. పైనుంచి చెప్పిందే రాసి ఉంటుంది.

నేను పుట్టింది పొన్నూరు దగ్గర పల్లెటూళ్లో. ఒకే ఒక్క గది బడి, ఒక్కరే మాస్టారు. పిల్లలం ‘మాస్టారండీ’ అనేవాళ్లం. మా నాన్న తరం వాళ్లు ‘పంతులుగారు’, ‘అయ్యవారు’ అనేవారు. 1984లో నేను ఉద్యోగంలో చేరేసరికి మగవాళ్లంతా మాస్టార్లు. ఆడవాళ్లను ఎదురుగా నిలబడి పిలవడానికి మాత్రం తెలుగులో సరైన మాట లేదు. ‘పంతులమ్మ’ అనేది మేము వెళ్లిపోయాక అనుకునే మాట. దారి పిల్లలే వెతుక్కున్నారు. ఇంగ్లిషు ‘టీచర్’ తీసుకుని మన ‘గారు’ తగిలించారు, చివర ‘అండి’ పెట్టారు. ఏ కమిటీ చెప్పిందని? నన్ను మొదటిసారి అలా పిలిచింది ఆరో తరగతి పిల్ల. చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ స్టాఫ్ రూములోంచి బయటికి వస్తుంటే “టీచరుగారండీ, సుద్దముక్క మర్చిపోయారండీ” అంటూ వెనకే పరిగెత్తుకొచ్చింది. నేను ఉద్యోగంలో నిజంగా చేరింది ఆ నిమిషంలోనే అని ఇప్పటికీ అనుకుంటాను.

‘మేడమ్’ అంటేనే మర్యాద అని స్కూళ్లు ఎక్కడ నేర్చుకున్నాయో నాకు తెలియదు. అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, ‘నా దొరసాని’ అని అర్థం. అసలు ఇంగ్లండు బడుల్లోనే ఆడ టీచర్లను ఎక్కువగా పిలిచేది ‘మిస్’ అని, పెళ్లయిన ఆమెనైనా సరే. మన పొరుగున కేరళలో బాలల హక్కుల కమిషన్ 2023 జనవరిలో, ‘సార్’, ‘మేడమ్’ రెండూ వద్దు, మగా ఆడా తేడా లేకుండా అందరినీ ‘టీచర్’ అనే పిలిపించండి అని చెప్పింది. అలాంటి ఉత్తర్వు ఇక్కడా రావాలని నేను అడగడం లేదు. కానీ వాళ్లకి కమిషన్ చెప్పాల్సి వచ్చిన మాట లాంటిది మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. ‘అండి’కి మగా ఆడా లేదు. కలెక్టరుగారితోనూ అదే అంటాం, బస్సులో పక్క సీటు ఆయనతోనూ అదే అంటాం. అంత చిన్న మాట ఎక్కడ పెట్టినా ఇమిడిపోతుంది.

పరాయి దేశాల్లో ఎలా పిలుస్తారో చూశాక నాకు ఈ విషయంలో పట్టుదల ఇంకా పెరిగింది. మా అబ్బాయి కుటుంబం స్వీడన్‌లో ఉంటుంది. 2018లో మూడు నెలలు వాళ్ల దగ్గర ఉన్నాను. మొదటి రోజు మనవడిని తీసుకురావడానికి బడికి వెళ్తే, వాడు గేటు దగ్గర టీచరుని పేరు పెట్టి కేకేశాడు. ఒట్టి పేరు! నా గుండె గుభేలుమంది. ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి, మంచులోనే మోకాలు ఆనించి కూర్చుని, వాడి చేతికి గ్లవ్ తొడుగుతూ వాడు చెప్పేదంతా వింది. వాడు పలకలేక ఆగిన చోటల్లా తనూ ఆగింది. వాడి వెనక నిలబడి నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. 31 ఏళ్లలో ఎంతమంది పిల్లల ముందు అలా కూర్చున్నానా అని లెక్క వేసుకున్నాను.

అక్కడా మొదటినుంచీ అలా లేదట. ఒకప్పుడు పెద్దవాళ్లతో ‘నువ్వు’ అనడానికీ ‘మీరు’ అనడానికీ మొహమాటపడి, ఎదురుగా ఉన్న మనిషితోనే ‘డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా’ అని మూడో మనిషి గురించి అన్నట్టు మాట్లాడేవారట. మన అత్తగార్లు ‘అల్లుడుగారు భోంచేస్తారేమో’ అన్నట్టు. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే ఆయన అక్కడి వైద్య శాఖకు అధిపతిగా వస్తూ, ఉద్యోగులందరినీ ‘నువ్వు’ అనే పిలుస్తానని చెప్పాడట. అప్పటికే మొదలైన మార్పు దాంతో దేశమంతా ఊపందుకుంది. వాళ్ల మర్యాద వాళ్ల భాషలోంచే మారింది. ఇంకో దేశం మాట తెచ్చి పిల్లల మీద రుద్దలేదు.

మా అబ్బాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే పక్క ఫ్లాటులో వియత్నాం అమ్మాయి ఉండేది. వాళ్ల దేశంలో ఆడ టీచరుని ‘కో’ అంటారని చెప్పింది. మేనత్తను పిలిచేదీ ఆ మాటతోనే. పిల్లలు టీచరు ముందు ‘నేను’ అనకుండా, తమను తాము ‘చిన్న తోబుట్టువు’ అనో ‘బిడ్డ’ అనో చెప్పుకుంటారట. ఆ సాయంత్రం మేమిద్దరం వరసల గురించే మాట్లాడుకున్నాం, మధ్యలో మా కోడలు ఇంగ్లిషులోకి మారుస్తూ. వాళ్లలాగే మనమూ పరాయి మనిషిని వరస కలిపి పిలిచేవాళ్లమే కదా. పాత గుంటూరులో ఉర్దూ బడిలో పనిచేసిన నా స్నేహితురాలిని పిల్లలు ‘ఆపా’ అనేవారు, అంటే అక్క. మిషన్ స్కూళ్లలో ‘సిస్టర్’, ‘ఫాదర్’ అంటూనే మన ఊళ్లో ఎన్ని తరాలు చదువుకున్నాయి! జపాన్ వాళ్ల ‘సెన్సే’కి ముందు పుట్టినవారు అని అర్థం. థాయ్‌లాండ్‌లో టీచరుని ‘ఖ్రూ’ అంటారు. అది మన ‘గురు’వే. సముద్రం దాటి వెళ్లిన మాటకు అక్కడ అంత గౌరవం దక్కుతుంటే, ఇక్కడ గుంటూరులో ‘గారు’ అన్నందుకు పిల్ల ఇంపోజిషన్ రాస్తోంది.

‘అండి’ అలవాటైతే పిల్లలు భయస్తులవుతారని, ప్రశ్న అడగలేరని ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు నాతోనే అన్నారు. ఆ భయం నాకూ తెలుసు. అది బెత్తం వల్ల వచ్చింది, గోడకుర్చీ వల్ల వచ్చింది. ఒకసారి బోర్డు మీద ‘నిఘంటువు’ అని రాయబోయి వత్తు ‘ఠ’ పెట్టేశాను. మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి, “టీచరుగారండీ, అది మామూలు ‘ట’ అండీ” అంది. చూశాను. నిజమే. డస్టర్ దాని చేతికే ఇచ్చి దిద్దమన్నాను. మాటలో అంత మర్యాదా ఉంది, నా తప్పు నాకు చూపించే ధైర్యమూ ఉంది. ఆ పిల్లకి ఆ ధైర్యం ‘అండి’ వల్ల ఏమైనా తగ్గిందా?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లలను కొట్టకూడదనే కాదు, మానసికంగా వేధించకూడదని కూడా చెబుతోంది. క్లాసంతా నవ్వుతుంటే నిలబెట్టి, ఇంట్లో నేర్చుకున్న మర్యాదనే తప్పని చెప్పి ‘ఎస్ మేడమ్’ అని యాభై సార్లు రాయించడం తొమ్మిదేళ్ల పిల్లకు చిన్న విషయమేమీ కాదు. ఆ రాత్రి అది నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత రోజు పక్కింటి ఆవిడ వస్తే ‘రండి’ అనబోయి ఆగి, నా మొహం చూసింది.

స్కూళ్ల యాజమాన్యాలను నేను అడిగేది ఒక్కటే. ఇంగ్లిషు మీడియం ఉండనివ్వండి. ‘మేడమ్’ అనే పిల్లల్ని అననివ్వండి. ‘టీచరుగారండీ’, ‘మాస్టారండీ’ అనే పిల్లల్ని మాత్రం నవ్వులపాలు చేయకండి. విద్యాశాఖ అధికారులు వచ్చే ఏడాది బడులు తెరిచే లోపు ఈ మాట ఒక సర్క్యులర్‌లో రాసి పంపితే బాగుంటుంది.

డైరీలో ఆ ఎర్ర సిరా కింద నేను నీలం సిరాతో తెలుగులో రాశాను: “టీచరుగారికి నమస్కారం. మా అమ్మాయి మిమ్మల్ని గౌరవంగానే పిలిచింది. వీలు చూసుకుని ఒకసారి మాట్లాడదామండీ.” సోమవారం పంపాను. ఈ రోజు బుధవారం. దాని కింద ఇంకా సంతకం పడలేదు. రేపు ఉదయం నేనే స్కూలుకి వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు.