పేరు రాయొద్దన్న ఆయమ్మకి

నిన్న సాయంత్రం డిశ్చార్జి అయ్యాను. వేళ్ళ చివర్లు తోలు ఊడుతున్నాయి, టైపు చేస్తుంటే మండుతోంది. తప్పులుంటే సర్దుకోండి.

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన కొద్దిరోజులకే జ్వరం, వెంటనే నోరు పూసింది. నాలుక, చిగుళ్ళు, అంగిలి అంతా పుళ్ళే. ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆపైన అరచేతుల్లో, అరికాళ్ళలో నీటిపొక్కులు. గల్ఫ్ నుంచి వచ్చాడు, ఒంటి మీద పొక్కులు అంటే ఎంపాక్స్ (అదే, మంకీపాక్స్) అనుమానించడంలో తప్పులేదు. 2024 సెప్టెంబరులో కేరళలో అది తేలినాయన కూడా యూఏఈ నుంచి వచ్చినవాడే. నా బాధ అది కాదు. మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు గేటు దగ్గరే ఆపేసి, కూర్చోమని కూడా అనకుండా పంపేశారు. తర్వాత చేరిన చోట శాంపిల్ తీశారు గానీ, రిపోర్టు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. నెగెటివ్ అని వచ్చాక కూడా అది ఎవరి టేబుల్ మీదో పడుంది. ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరుతో సహా నా సంగతి తిరిగింది.

ఐసోలేషన్ గదిలో భోజనం తలుపు దగ్గర పెట్టేసి వెళ్ళేవారు. కారం కూర, నోట్లో పెడితే ప్రాణం పోయేది. నైట్ డ్యూటీ ఆయమ్మ పళ్ళెం అలాగే ఉండటం చూసింది. మాస్కు, గ్లౌజులు వేసుకుని లోపలికొచ్చి, "ఏటి బాబూ, ఏటీ తిన్నేదేటి?" అంది. నోరు తెరిచి చూపించాను.

మర్నాడు రాత్రి ఇంటి నుంచి చోడి (రాగి) అంబలి తెచ్చింది. బాగా చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉప్పు వెయ్యకుండా. ఉప్పు తగిలితే మండుతుందని ఆవిడకెవరు చెప్పారో! పొక్కులతో గ్లాసు పట్టుకోలేకపోతే తనే స్పూనుతో, నాలుకకి తగలకుండా బుగ్గ పక్కనుంచి పోసింది. "మెల్లగా బాబూ, తొందరేటి" అంటూ. ఇంత మగాణ్ణి, ఏడ్చేశాను. మాస్కు లేకుండా ఆవిడ ముఖం ఇప్పటికీ చూడలేదు. బయటి తిండి తెచ్చిందని సూపర్‌వైజర్ కేకలేస్తాడట, అందుకే పేరు రాయొద్దంది. అమ్మా, ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, ఇవాళ పెరుగన్నం తిన్నానని తెలుసుకోండి.

చివరికి తేలింది హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి. ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలకి వచ్చే వైరస్ జబ్బు. మా మేనకోడలి స్కూల్లో తిరుగుతోందట. పెద్దవాళ్ళకి అరుదు, వస్తే ఒక్కోసారి ఇలా పిప్పి చేస్తుంది. ప్రత్యేకంగా మందు లేదు, మామూలుగా వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. పశువులకొచ్చే గాలికుంటుకీ దీనికీ సంబంధం లేదు. లిఫ్ట్ దగ్గర ఆ ప్రచారం చేస్తున్న పెద్దాయన గమనించగలరు.

అమ్మ, అక్క, బావ పడ్డ పాట్లు వేరే చెప్పాలా, ఇంటివాళ్ళు కదా.

అన్నట్టు, నా చేతులు చూసి కూడా దించెయ్యకుండా గాజువాక నుంచి తీసుకెళ్ళిన ఆటో అన్నకి, రిపోర్టు వెతికి పట్టుకొచ్చిన హౌస్ సర్జన్ కుర్రాడికి, చర్మం డాక్టరమ్మకి థాంక్స్. ఆగండి, మందుల షాపు తమ్ముణ్ణి మరిచేపోయాను. అర్ధరాత్రి షట్టరెత్తి నోటికి రాసుకునే జెల్ ఇచ్చి, డబ్బులు తర్వాత ఇద్దురులే అన్నావు. ఇంకా ఇవ్వలేదు. రేపు బావతో పంపిస్తాను.