జీవాలు ఇచ్చారు, మేత నేలకూ వాటా ఇవ్వండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల గొర్రెల కాపరులు, చెల్క రైతులు నమస్కరించి రాస్తున్న లేఖ.

2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సర్కారు, 25 శాతం లబ్ధిదారు పెట్టుకుని యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఎదిగిన గొర్రె రోజుకు దాదాపు కిలో ఎండు మేత తింటుంది. మాఘం నుంచి మృగశిర దాకా 120 రోజులు లెక్కేస్తే 21 జీవాలకు రెండున్నర టన్నులు. ఆ మేత ఏ నేలలో పండాలన్నది పథకంలో లేదు. అందుకే ఎండలు ముదిరితే మందలు కృష్ణ ఒడ్డుకు, నల్లమల అంచులకు నడుస్తాయి. అదే 75:25 వాటాను ఇప్పుడు మేత నేలకు వర్తింపజేయమని మా విన్నపం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుధన మిషన్‌ను సవరించి, అటవీయేతర బీళ్లలో, పచ్చిక బయళ్లలో పశుగ్రాసం పెంచే రాష్ట్రాలకు సాయం చేస్తామంది. దారి ఉంది, మన జిల్లాల దాకా రావాలి.

అన్నిటికన్నా ముందు, డబ్బు ఎప్పుడు వస్తుందన్నది చూడండి. పని పూర్తిచేసి బిల్లు పెట్టాక సబ్సిడీ అంటే పేద కాపరి మిత్తికి తేవాలి, లేదా ఊరుకోవాలి. అమెరికాలో మేత భూముల సంరక్షణకు ఈక్విప్ అనే వాటా సాయం 1996 నుంచి ఉంది. అక్కడ కూడా చిన్న, కొత్త రైతులు కోరితే సాయంలో కనీసం సగం ముందే ఇచ్చి, 90 రోజుల్లో ఖర్చు చేయమంటారు. ఇక్కడా సగం రోహిణి కార్తె లోపు ఇవ్వండి. మిగతాది దసరాకు మొలక చూసి కొంత, మరుసటి మృగశిరకు నిలిచిన గడ్డి చూసి కొంత ఇవ్వండి. లబ్ధిదారు 25 శాతాన్ని కూలి పనిగా కట్టుకునే వీలూ ఉండాలి.

కంచెకే ఎక్కువ ఖర్చు. చతురస్రంగా ఉన్న ఎకరం చుట్టూ సుమారు 255 మీటర్లు. అలాంటివి ఐదు విడివిడిగా కట్టుకుంటే 1,270 మీటర్లు దాటుతుంది. ఐదెకరాలు ఒకే చెక్కగా కలిపితే 570 మీటర్లు చాలు, మూడు మీటర్లకో రాతి కడీ చొప్పున 190 కడీలు. కాబట్టి పక్కపక్క రైతులు కలిసి దరఖాస్తు చేస్తే సాయం పెంచాలి, తగ్గించకూడదు. కడీల వరుస వెంబడి కట్ట పోసి కిత్తనార, గచ్చ నాటితే తీగ తుప్పు పట్టే నాటికి బతుకు కంచె లేస్తుంది. వాటి మొక్కలకూ అంచనాలో చోటు కావాలి.

సర్కారు తుమ్మను నేలమట్టంగా కొట్టించి బిల్లు రాయడం దండగ. మట్టిలోని మొద్దు నుంచి మళ్లీ చిగురేస్తుంది. అడుగు లోతున మొద్దు పెకిలించాలి. కాయలు తిన్న జీవాల పెంటికలతో గింజలు మళ్లీ పరుచుకుంటాయి, కనుక రెండేళ్ల పాటు మొలకలు పీకే కూలి కూడా లెక్కలో ఉండాలి.

విత్తనం దగ్గరే చాలా పనులు చెడతాయి. అంజన్ గడ్డి గింజ కోసిన వెంటనే మొలవదు, ఆరేడు నెలలు ఆగాలి. టెండర్లో కోసిన నెల అడగండి. స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క గింజకు పైపొర గట్టి. మూడు పాళ్లు మరిగే నీళ్లలో ఒక పాలు చన్నీళ్లు కలిపితే దాదాపు 80 డిగ్రీలు. అందులో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టాలి. ఎకరాకు రెండూ చెరి రెండు కిలోలు తడి మట్టిలో కలిపి చల్లాలి. గింజ సెంటీమీటరు కన్నా లోతుకు పోతే పైకి రాదు. నాగలి వద్దు, ముళ్లకంప ఈడిస్తే చాలు. స్టైలోకు భాస్వరం కావాలి: ఎకరాకు మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. ఇన్ని చేసినా విత్తన సంచులు ఆగస్టు చివర వస్తే ఏం లాభం? వేరు దిగకముందే వాన పోతుంది.

మొదటి ఏడాది మందను తోలకూడదు. వేరు పట్టని మొక్కను గొర్రె పీకేస్తుంది. కోసి వేయాలి, అదీ బెత్తెడు మోడు వదిలి. రెండో ఏడు నుంచి నాలుగు చెక్కలు చేసి తిప్పాలి. ఏటా ఒక చెక్కను స్టైలో గింజ రాలేదాకా, అంటే డిసెంబరు దాకా, ముట్టుకోకూడదు. ఆ ఏడాది మేత ఎక్కడిదని కాపరి అడుగుతాడు, న్యాయమే. ఆ చెక్కకు ఎకరా చొప్పున విశ్రాంతి సాయం ఇవ్వండి. మా ఉద్దేశంలో పథకం నిలిచేది దీనితోనే, విత్తన సంచులతో కాదు.

నీటి తొట్టి కూడా కావాలి. వేసవిలో గొర్రెకు రోజుకు ఐదు లీటర్ల చొప్పున 50 జీవాలకు 250 లీటర్లు. తొట్టి ఒక్క మూలనే ఉంటే ఆ చుట్టూ నేల గట్టిపడి బోడిదవుతుంది, అవతలి మూల గడ్డి ముదిరి వృథా అవుతుంది. నాలుగు చెక్కలకు నడిమధ్యన కట్టాలి. వాలులో కందకాలు ఎ-ఫ్రేమ్‌తో, అంటే మట్టం చూసే A ఆకారపు కర్రల చట్రంతో, సమమట్టం గుర్తుపెట్టి, మట్టిని దిగువ వైపు పోయాలి. ఘనపు మీటర్ల కొలతకే కూలి కడితే కందకం వాలు వెంట నిలువుగా పోతుంది, తొలి వానకే ఒర్రె అవుతుంది.

రైతు భరోసా సాగుకు యోగ్యమైన భూమికే వస్తుంది, ఎకరాకు ఏటా 12,000 రూపాయలు. గడ్డి వేస్తే బీడు కింద రాస్తారేమోనని రైతు వెనకాడతాడు. మేత గడ్డి కూడా పంటేనని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి.

పట్టా లేని కాపరుల మాటేమిటి? వారికి బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత భూమి, ఒక్కటే దిక్కు. ఉమ్మడి గ్రామ భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చేయాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ముందు సర్వేయర్‌తో హద్దురాళ్లు పాతించండి. తర్వాత ఊరి గొర్రెల పెంపకందారుల సహకార సంఘానికి, గ్రామ పంచాయతీకి మధ్య కనీసం ఐదేళ్ల ఒప్పందం రాయించి, పాస్‌బుక్ బదులు ఆ ఒప్పందంపైనే సాయం ఇవ్వండి.

వచ్చే రోహిణి కార్తెకు ముందు మండలానికి ఒక్క ఊళ్లోనైనా ఈ పని మొదలుపెట్టించమని కోరుతున్నాం.

ఇట్లు,
దక్షిణ తెలంగాణ గొర్రెల కాపరులు, చెల్క రైతులు